చెమట లెక్క

షరతు తీసేయమని చెప్పింది నేనే. హైమ ఈ మాట ఒక్కనాడూ అనలేదు. అనదు కూడా. అందుకే ముందుగా నేనే చెబుతున్నాను.

మా తమ్ముడు ఢిల్లేశ్వరరావుకు రెండు మూత్రపిండాలూ పాడయ్యేనాటికి వాడి వయసు ముప్పై నాలుగు. ఉద్దానం పల్లెల్లో పుట్టినవాళ్లకు ఇది వింత జబ్బు కాదు. మా వీధిలోనే ఏడుగురున్నారు. నీళ్ల వల్ల అన్నారు, మట్టి వల్ల అన్నారు, ఎండ వల్ల అన్నారు. పరీక్షలకని సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లినవాళ్లు ఇంకా పట్టుకెళుతూనే ఉన్నారు. ఢిల్లేసు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లి, నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకొని, పిండేసిన గుడ్డలా ఇంటికి వచ్చేవాడు. పని చేసుకొనే ఓపిక ఉండేది కాదు. నీళ్లు కొలత ప్రకారం తాగాలి. దాహం వేస్తే మంచుముక్క నోట్లో పెట్టుకొని గోడవైపు తిరిగి పడుకొనేవాడు.

నేను కాశీబుగ్గ సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ని. నా భార్య హైమ విశాఖపట్నంలో ఒక పరిశోధనశాలలో ప్రోగ్రాములు రాసేది. శనివారం రైల్లో వచ్చి సోమవారం తెల్లారి వెళ్లేది. ఆ పరిశోధనశాలలో ఇద్దరు డాక్టర్లు, ఒక లేత్ మెకానిక్, హైమ కలిసి నడుముకు కట్టుకొనే మూత్రపిండం తయారు చేశారు. చూడటానికి బెల్టుకు తగిలించిన పెద్ద సబ్బుపెట్టెలా ఉండేది. రక్తం దాని లోపలి జల్లెడగుండా తిరిగి శుభ్రపడి ఒంట్లోకి వచ్చేది. మనిషి దాన్ని కట్టుకొని నడవచ్చు, పని చేసుకోవచ్చు. అసలు కష్టం జల్లెడ కాదు, ఒంట్లోంచి గంటకు ఎంత నీరు తీయాలో తేల్చడం. తక్కువ తీస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఎక్కువ తీస్తే బీపీ పడిపోతుంది. ఆ లెక్క చేసే ప్రోగ్రామును హైమ మూడేళ్లు కూర్చుని రాసింది. దానికి ‘తూము’ అని పేరు పెట్టింది.

తూము ఎవరైనా చదవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అన్నది మొదటినుంచీ ఆమె సంకల్పం. ఆ దారి పట్టించింది సదాశివ మాస్టారు. ఆయన ముప్పై ఏళ్లుగా కాలేజీ కాలేజీకీ తిరిగి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి చెప్పేవారు. వినేవాళ్లు పదిమంది ఉన్నా చెప్పేవారు, ఇద్దరున్నా చెప్పేవారు. తూము లైసెన్సు కాగితం రాయడానికి ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చారు.

“అమ్మా, ఏం తీసేసినా ఈ రెండు పేరాలు మాత్రం తీయకు” అన్నారు, పనసపొట్టు కూర కలుపుకుంటూ. “దీన్ని బాగుచేసి ఇంకొకరికి ఇచ్చినవాడు ఆ బాగుచేసిందీ చూపించాలి. అది మొదటిది. దీన్ని పెట్టెలో పెట్టి అమ్మినవాడు ఆ పెట్టె తాళంచెవి కూడా కొన్నవాడికి ఇవ్వాలి. అంటే లోపలి ప్రోగ్రామును మార్చుకొనే వీలు. అది రెండోది.”

హైమ నావైపు చూసింది. పెట్టెలు తయారు చేస్తామని ముందుకు వచ్చిన ఒకే ఒక కంపెనీ ఆ రెండూ ఉంటే తయారు చేయబోమని అప్పటికే చెప్పేసింది. పరిశోధనశాల చేత్తో చేయగలిగినవి మూడు పెట్టెలు. ఉద్దానంలో ఎదురుచూస్తున్నవాళ్లు వేలమంది.

నేను అరసవల్లి సూర్యనారాయణస్వామి భక్తుణ్ణి. ఆదివారం ఉప్పు ముట్టను. ఆ రోజు పొద్దున్న కూడా అర్ఘ్యం ఇచ్చి, సబ్‌స్టేషన్ ముందు మేం పెట్టిన చలివేంద్రంలో కుండలు నింపి వచ్చాను. పెద్దవాళ్ల మధ్య మాట్లాడకూడదనుకుంటూనే మాట్లాడేశాను.

“మాస్టారూ, తెలీక అడుగుతున్నాను. చలివేంద్రంలో నీళ్లు తాగినవాణ్ణి, రేపు నువ్వు కూడా ఒకటి పెట్టాలి అని అడుగుతామా? షరతు పెట్టాక దానం ఎలా అవుతుందండీ?”

ఆయన నవ్వారు. “అడగం. కానీ తాగినవాడు కుండ ఎత్తుకుపోయి గదిలో పెట్టి తాళం వేస్తే?”

“దేవుడు చూసుకుంటాడు.”

“ఆయనకు చాలా పనులున్నాయి లోకనాథం గారూ.”

గోడకు ఆనుకొని కూర్చున్న ఢిల్లేసు అప్పుడు నోరు విప్పాడు. “ఓ మాస్టారూ, తాళం ఏసినా పర్నేదు, ఏయకపోయినా పర్నేదు. ఆ పెట్టి ముందు నా నడుముకి ఒచ్చేలాగ సూడండి బాబూ. మీ దెబ్బలాట తేలేలోగా నాను తేలిపోతాను.”

అందరం నవ్వాం. మాస్టారు మాత్రం ప్లాట్‌ఫాం మీద రైలెక్కబోతూ నా చెయ్యి పట్టుకొని, “మీరు మంచివారు. నా భయమల్లా అదే” అన్నారు.

ఆ సాయంత్రం నేను తీసేయమన్నాను, హైమ రెండు పేరాలూ తీసేసింది.

రెండేళ్లకు పెట్టెలు వచ్చాయి. ఢిల్లేసు మళ్లీ జీడిపిక్కలు కాల్చే బట్టీ పనికి వెళ్లాడు. పెళ్లయిన ఏడాదికే మొగుడు మంచాన పడ్డాడని పుట్టింట్లో ఏడ్చిన వాడి భార్య నీలవేణి, ఇప్పుడు “ఒంటిమీదికి బలుపొచ్చీసింది మీ తమ్ముడికి, ఓ మాట సెప్పండి బావగారూ” అని నవ్వుతూ ఫిర్యాదు చేసేది. మా వీధిలో ఏడుగురిలో అయిదుగురికి పెట్టెలు అందాయి. అవి చూసి ఇతర దేశాల్లో ఇతర కంపెనీలు కూడా తూమును తీసుకొని తమ పెట్టెల్లో పెట్టుకున్నాయి. పలాసలో డయాలసిస్ యంత్రాలతో ఇక పని లేదని ఎక్కడికో తరలించారు. ఆ రోజు జనం కొబ్బరికాయ కొట్టి లారీకి దిష్టి తీశారు.

హైదరాబాదులో కంపెనీ పెద్ద సభ పెట్టింది. తెర నిండా ‘అందరి జ్ఞానం, అందరి ఆరోగ్యం’ అని రాశారు. హైమకు శాలువా కప్పారు. సదాశివ మాస్టారికీ కప్పబోతే ఆయన మైకు దగ్గరికి వచ్చి, “శాలువా ఎందుకయ్యా, తాళంచెవి ఇవ్వండి” అన్నారు. హాలంతా చప్పట్లు. ఆయన చమత్కారం చేశారనుకున్నారు. బయటికి వచ్చాక చొక్కాకు ‘స్వేచ్ఛ’ అని రాసిన బిళ్ల గుచ్చుకున్న కుర్రాళ్లు ఆయనతో ఫొటోలు దిగారు. వాళ్లంతా తాళాలు వేసే కంపెనీల్లోనే పనిచేస్తున్నారు. మంచి పిల్లలే.

నాలుగేళ్లు గడిచాయి. అయిదో ఏడు మే నెలలో ఢిల్లేసు బట్టీ దగ్గర పడిపోయాడు. బీపీ అరవైకి దిగింది. సెలైన్ ఎక్కిస్తే లేచాడు. నాలుగు రోజులకు మా వీధి చివరి కొర్లమ్మ పడిపోయింది, ఆమె లేవలేదు. ఆ వారంలోనే కవిటిలో ఇద్దరు, సోంపేటలో ఒకరు పోయారు. అందరికీ అదే పెట్టె.

హైమ సెలవు పెట్టి వచ్చి, వసారాలో చాప వేసుకొని లాప్‌టాప్‌లో తూము తెరిచి కూర్చుంది. మధ్యాహ్నానికి దొరికింది. మనిషి ఒంట్లోంచి చెమటగా ఎంత నీరు పోతుందో పెట్టెకు తెలియదు. అది కొలిచే సాధనం లేదు. రోజుకు అర లీటరు అని ఒక అంకె అందులో రాసి ఉంది. ఏసీ వార్డులో పరీక్షలు జరిగినప్పుడు వేసిన అంకె అది. ఏ ఏడూ లేనంతగా కాసిన ఆ మే నెల ఎండకు బట్టీ దగ్గర మనిషి మూడు నాలుగు లీటర్లు చెమట కక్కుతాడు. పెట్టె ఆ సంగతి తెలియక తన వాటా తాను తోడేస్తుంది.

“ఎవరు వేశారా అంకె?” అన్నాను.

“నేనే.”

ఆమె కంపెనీకి ఫోన్ చేసింది. అనిరుద్ధ్ అనే ఇంజనీరు మాట్లాడాడు. ఫోను స్పీకరు మీద పెట్టింది.

“మేడమ్, నేను కాలేజీలో మీ తూము చదివే ప్రోగ్రామింగ్ నేర్చుకున్నానండీ. మీతో మాట్లాడటం...”

“బాబూ, నాలుగు వందల పన్నెండో లైను చూడు. మీరు అది మార్చారా?”

అవతల కీబోర్డు చప్పుడు వినబడింది. “లేదండీ. అలాగే ఉంది. పక్కన తెలుగులో ఒక మాట కూడా ఉంది. ‘దీన్ని తర్వాత సరిచేయాలి’ అని.”

హైమ కళ్లు మూసుకుంది. “నేను రాసిందే. మీరెవరూ చూడలేదా?”

“చూశామండీ. మా టీంలో తెలుగువాళ్లం ఇద్దరమే. మీరు సరిచేస్తారనుకున్నాం.”

వాళ్లు సరిచేస్తారని ఆమె, ఆమె సరిచేస్తుందని వాళ్లు. చదవడానికి లోకమంతటికీ వీలున్న ఆ వాక్యాన్ని ఆరేళ్లు ఎందరు చదివి ఉంటారో.

ఆ పూటే హైమ దాన్ని మార్చింది. బయటి వేడి, నాడి వేగం రెండూ చూసి పెట్టె చెమటను అంచనా కట్టుకొనేలా పదకొండు లైన్లు రాసి అందరికీ కనబడేలా పెట్టింది. శ్రీలంకలో వరిపొలాల పల్లెల్లో కూడా ఇదే జబ్బు ఉంది. అక్కడ ఒక ఆసుపత్రివాళ్లు తూము తీసుకొని సొంతంగా పెట్టెలు చేసుకుంటున్నారు. రెండు రోజుల్లో వాళ్ల పెట్టెలన్నిటిలో ఆ పదకొండు లైన్లు ఎక్కాయి. ఇంకో మూడు దేశాల కంపెనీలు కూడా ఎక్కించుకొని, హైమ పేరు రాసి కృతజ్ఞతలు చెప్పాయి. మా ఉద్దానం పెట్టెల్లోకి మాత్రం ఎక్కలేదు. కంపెనీ ముద్ర ఉన్న ప్రోగ్రామును తప్ప ఆ పెట్టె ఇంకే ప్రోగ్రామునూ ఒప్పుకోదు. మూత విప్పితే తనంతట తానే ఆగిపోతుంది. మందసలో ఒకతను విప్పి చూశాడు, ఆగిపోయింది.

“ముద్ర వేసి ఇవ్వు బాబూ. పదకొండు లైన్లే కదా” అని హైమ మళ్లీ అడిగింది.

“మేడమ్, పోయినేడు కంపెనీని అమ్మేశారు కదండీ. కొన్నవాళ్లు పాత మోడల్ ఆపేశారు. ముద్ర వేసే తాళంచెవిని కూడా దాంతోపాటే దాచేశారు. బయటికి తీయాలంటే మూడు దేశాల్లో ముగ్గురు ఒప్పుకోవాలి. నేను రాశాను. మీ సవరణ కొత్త మోడల్లో పెట్టాం అని జవాబు వచ్చింది.”

“కొత్త మోడల్ పలాసకు ఎప్పుడొస్తుంది?”

“జాబితాలో లేదండీ.” అన్నాడు ఆ అబ్బాయి. “నా చేతిలో ఉంటే ఇప్పుడే వేసేవాణ్ణండీ. నిజంగా.”

అతని మాట నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. కోపం తెచ్చుకోవడానికి ఒక మనిషి దొరికి ఉంటే బాగుండేది.

ఢిల్లేసుకు అంతా చెప్పాం. వాడు విని, “అయితే లంకకి పంపించీ వదినా. అనుమంతుడెల్లినాడు, నానెల్లనేనా? ఆడికి తోక ఉంది, నాకు బెల్టుంది” అన్నాడు.

హైమ నవ్వలేదు. నిజంగానే రాసి చూసింది. వాళ్ల పెట్టెకు రక్తనాళం దగ్గర వేరే రకం ఆపరేషన్ చేయాలి, తమ దగ్గర కూడా వరస ఉంది, సెప్టెంబరులో అయితే చూస్తాం అని మర్యాదగా రాశారు. మేము ఉన్నది మేలో.

డయాలసిస్‌కు విశాఖపట్నం వెళదామంటే అక్కడ కూడా వరసే. పేరు రాసుకున్నారు. ఎండవేళ పెట్టెను ఆపి ఉంచుదామంటే జల్లెడలో రక్తం గడ్డకడుతుంది.

అప్పుడు హైమ ఒక కాగితం తయారు చేసింది. ఎంత ఎండకు, ఎన్ని గంటలు ఫ్యాను కింద ఉంటే, ఎన్ని గ్లాసుల నీళ్లు అదనంగా తాగాలో గళ్లు గీసి రాసింది. పెట్టె చేయాల్సిన లెక్క మనిషి చేయడం అన్నమాట. మా వీధిలో మిగిలిన నాలుగు ఇళ్లకూ తానే వెళ్లి గోడలకు అంటించి వచ్చింది. ఢిల్లేసును బట్టీకి వెళ్లనివ్వలేదు.

వాడికి అన్నిటికంటే కష్టమైనది నీళ్లు తాగడమే. ఏళ్ల తరబడి ఒక్కో గుక్కా లెక్కపెట్టుకున్నవాడు. గ్లాసు చేతికిస్తే విషం ఇచ్చినట్టు చూసేవాడు. “ఇన్ని తాగితే ఒళ్లు ఉబ్బిపోద్ది వదినా. నానేటి సిన్నగుంటడినా, తెల్దా నాకు?”

“తాగు ఢిల్లేసూ. నా మీద నమ్మకం లేదా?”

“నీ మీద ఉంది. నీ పెట్టి మీదే నేదు” అని ముక్కు మూసుకొని తాగేవాడు.

పదకొండు రోజులు అలా గడిచాయి. పన్నెండో రోజు పొద్దున్న హైమ వేడి చూసి తొమ్మిది గ్లాసులు అని చెప్పింది. నేను డ్యూటీకి వెళ్లాను, హైమ కాగితాలు పట్టుకొని పక్క ఊళ్లలో పెట్టెలున్న ఇళ్లకు వెళ్లింది. పదకొండున్నరకు లోడు ఎక్కువైందని పైనుంచి ఫోను వచ్చింది, మా ఊరికి కరెంటు ఇచ్చే ఫీడరు ఆపమని. ఆపాను. అది నా ఉద్యోగం. గంట అన్నారు, మూడు గంటలు ఇవ్వలేదు. రేకుల ఇంట్లో ఫ్యాను ఆగిపోయింది. కాగితంలో ఫ్యాను ఉన్న లెక్క వేసి ఉంది.

రెండున్నరకు నీలవేణి ఏడుస్తూ ఫోన్ చేసింది. నేను సైకిలు తొక్కుకుంటూ వెళ్లేసరికి హైమ తిరిగివచ్చి వాడి తల ఒళ్లో పెట్టుకొని కూర్చుని ఉంది. పెట్టె చిన్న చప్పుడు చేస్తూ ఇంకా తోడుతూనే ఉంది. దాన్ని ఆపడానికి మీట నొక్కితే కారణం చెప్పమని అడిగింది.

“తొమ్మిదీ తాగినాడక్కా” అంది నీలవేణి. “నానే పోసినాను. ఒక్కటి కూడా ఒదల్నేదు. నువ్వు సెప్పినట్టే సేసినాం గదక్కా.”

ఢిల్లేసు లేవలేదు.

వాడు పోయిన పదకొండో రోజుకు సదాశివ మాస్టారు వచ్చారు. బాగా ముసలివారయ్యారు. నేను చెప్పానా అని అంటారేమోనని ఎదురుచూశాను. అనలేదు. చివరికి నేనే అడిగాను.

“మాస్టారూ, ఆ షరతు ఉంచి ఉంటే మా తమ్ముడు బతికేవాడాండీ?”

“ఉంచి ఉంటే ఆ కంపెనీ పెట్టెలే చేసేది కాదేమో. అప్పుడు ఈ నాలుగేళ్లు కూడా ఉండేవాడు కాడేమో. లేక ఇంకెవరో చేసేవారేమో. నాకు తెలీదు లోకనాథం గారూ. ఇన్నేళ్లూ తెలుసనుకునే తిరిగాను. మా మాటలన్నీ కంపెనీలవాళ్లు నేర్చుకున్నారు. మాకంటే బాగా మాట్లాడుతున్నారు.”

దానం ఇచ్చినవాడికి పుణ్యం అని శాస్త్రం చెబుతుంది. ఆ దానం ఎవరి గుమ్మం దాకా వెళ్లిందో ఇచ్చినవాడు వెంట నడిచి చూసుకోవాలా అన్నది మాత్రం ఎక్కడా చెప్పినట్టు నాకు గుర్తు లేదు. మా పంతులుగారిని అడిగాను. ఆయన పంచాంగం మూసి, “పెద్ద ప్రశ్నే” అన్నారు. రోజూ పొద్దున్న సూర్యుడికి అర్ఘ్యం ఇస్తూనే ఉన్నాను.

పెద్దకర్మ అయిన మూడో రోజు అనిరుద్ధ్ స్వయంగా మా ఇంటికి వచ్చాడు. పాతికేళ్లుంటాయి. పెట్టె కంపెనీదే కనుక వెనక్కి తీసుకెళ్లాలి. కుర్చీ అంచున కూర్చుని కాగితాల మీద మా చేత సంతకాలు పెట్టించుకున్నాడు. హైమ పెట్టెను స్పిరిట్‌తో తుడిచి గుడ్డలో చుట్టి ఇచ్చింది.

“దీన్ని ఏం చేస్తారు?”

అతను తల దించుకున్నాడు. “జల్లెడ మార్చి వరసలో తర్వాతి వాళ్లకు ఇస్తారండీ. కొత్తవి రావడం లేదు కదా. ఉన్నవే తిప్పుతున్నారు.”

“ప్రోగ్రామ్ అదేనా?”

“అదేనండీ.”

వారం తిరగకుండానే ఒకామె మా గుమ్మం ముందు ఆటో దిగింది. ముప్పై ఏళ్లుంటాయేమో. మొహం ఉబ్బి ఉంది, చేతిలో పనసపండు. నడుము దగ్గర చీర కొంచెం ఎత్తుగా ఉంది. పేరు సుకాంతి అని, నౌపడ దగ్గర పల్లె అని, ఆసుపత్రిలో అడిగి మా చిరునామా పట్టుకున్నానని చెప్పింది.

“ఈ పెట్టి మీ ఇంట్లో మనిసిదంట గదమ్మా. ఆ బాబు పేరు సెప్పుకుని దణ్నం ఎట్టుకుందామని ఒచ్చినాను. డయాలసిస్‌కి ఇశాపట్నం తిరుగుతూ మూడేళ్లు సూసినానమ్మా వరసలో. నా తరవాత ఇంకా నూటపదిమంది ఉన్నారంట. ఈ పండు మీరు తినండి, మాలాటోలు తినకూడదు గదా.”

లోపల్నుంచి నీలవేణి వచ్చి ఆ ఎత్తైన చోటే చూస్తూ నిలబడింది. ఎవరూ కూర్చోమనలేదు. సుకాంతి తానే గడప మీద కూర్చుని, పెట్టె మీద ఒక చెయ్యి వేసుకొని, హైమవైపు తిరిగి నవ్వింది.

“దీన్ని సేసింది మీరేనంట గదా. నాకు ఇద్దరు ఆడగుంటలమ్మా. ఇది కట్టుకుంటే బతుకుతాను గదమ్మా?”

హైమ నావైపు చూడలేదు. పెట్టె తీసేయమని చెబితే ఆ మనిషికి ఇంకేమీ లేదు. ఆమె లోపలికి వెళ్లి, గళ్ల కాగితం కొత్త ప్రతి తెచ్చి సుకాంతి చేతిలో పెట్టి, ఎండ ఎంత ఉంటే ఎన్ని గ్లాసులో వేలు పెట్టి చూపించింది. ఆమె శ్రద్ధగా వింది, చదువు రాదని చెప్పి మళ్లీ వింది.

“అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి ఉంది. పొద్దెక్కాక ఎండలో ఉండకు. వేసవి వెళ్లేదాకా ఇంటిపట్టునే ఉండు.”

సుకాంతి కాగితం మడిచి కొంగున ముడివేసుకుంది.

“ఎలాగమ్మా?” అంది. “నాను ఉప్పుమళ్లల్లో పని సేత్తాను.”